మానిటర్ ఆపేశాను

బుధవారం

చూపు లేనివాళ్లకు కంప్యూటర్ నేర్పే ఆ సారు ఈరోజు కూడా నా వేళ్లు పట్టుకుని తనే కీలు నొక్కాడు. తెర మీది అక్షరాలు చదివే గొంతు స్పీకర్లో సగం మాట అనేలోపే, "గది గాదు, కిందికి పో! పరేషాన్ జేస్తున్నవ్" అని అరిచాడు. ఒళ్లు మండింది. తడిమి మానిటర్ ఆపేశాను.

"ఏం జేసినవ్? నాకేం కనబడ్తలేదు!"

"నాగ్గూడ గంతే సార్. జెర చెవి పెట్టి ఇనుండ్రి."

ఎడమచెయ్యి స్విచ్ మీదే ఉంచి, కుడిచేత్తో కీలు నొక్కి కంప్యూటర్లో ఒక ఉత్తరం తెరిచి, చివరి వరుస దాకా విన్నాను. ఆ గొంతు చదివే వేగం ఆయనకు అందలేదు.

శుక్రవారం పటాన్‌చెరు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం అడగాలంటే, నాకు పని వచ్చని రాసివ్వాల్సింది ఆయనే. "మాఫీ అడుగు బిడ్డా" అంటోంది అమ్మ. అడగను. కానీ ఆయన రాసివ్వకపోతే...