బల్ల మూల నొక్కి చూశాను

నాన్నా, నేను కులాసాగా ఉన్నాను, బెంగపడొద్దు.

గదిలో కుర్రాళ్లమంతా కలిసి బరువులెత్తే బల్ల కొన్నాం. బలహీనుడి న్యాయం ఎవడి చెవికీ ఎక్కదని ఒక కరపత్రంలో చదివాను, అందుకే ఈ సాధన. కొట్టువాడు ముందు తళతళలాడే ఎత్తు బల్ల చూపించాడు. పడుకుంటే నా మడమలు నేలకు ఆనలేదు, పైగా బల్ల ఊగింది. "బరువుల కడ్డీ గుండె మీద పడితే పూచీ ఎవడిది?" అని అరిచాను. "బల్ల కొంటావా, విప్లవం తెస్తావా తమ్ముడూ?" అన్నాడు.

రెండోది పొట్టిది. కొత్త మంచం చేశాక నువ్వు చూసినట్టే, కళ్లు మూసుకుని ఒక మూల అరచెయ్యి ఆన్చి నొక్కాను. కిర్రుమనలేదు. "వడ్రంగి కొడుకువా?" అన్నాడు. ఆ మాటతో నా కోపమంతా ఎటుపోయిందో, బేరమైనా ఆడకుండా తెచ్చేశాను. గదిలో వాళ్లు ఇంకా తిడుతున్నారు.

నీ నడుం నొప్పి తగ్గిందా? చెల్లి లెక్కలు చేస్తోందా? నా నీలం చొక్కా పంపించు. నీ పనిబల్ల మీద పడుకుంటే చిత్రిక పడుతూ నువ్వు కనిపించేవాడివి. ఇక్కడ పైకప్పే కనిపిస్తోంది. తీరిక చూసుకుని ఒక్కసారి రా. నువ్వు మూల నొక్కి బాగుందనేదాకా దీని మీద పూర్తి బరువు ఎత్తను.

అమ్మకూ నీకూ దణ్ణాలు, చెల్లికి ముద్దులు.

నీ కోపిష్టి