హార్మోనియానికి వన్స్‌మోర్

దావీదు మామా,

నువ్వు పోయి ఏడాదైంది. పొద్దున మీ ఇంట్లో ప్రార్థన అయ్యాక, రొంపిచెర్ల నాటకంలో ఎవరికీ చెప్పకుండా నేను టేపు చేసుకున్న నీ పాత కాళ్ల హార్మోనియం వాయింపు పెట్టాను. నువ్వు తొక్కుతుంటే తిత్తులు తీసే ఊపిరి కూడా వినబడింది. రాగం పైకి లేచేసరికి అత్త చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

రాగం సాగదీస్తావని నీతో ఎప్పుడూ తగువు పెట్టుకునే రాజు వేషాల సుబ్బయ్య బాబాయి నోరు తెరిచేశాడు.

"నా పద్యం ఎనకమాల ఇంత జరిగిందంట్రా? పాడే గోలలో ఇననే లేదే! వన్స్‌మోర్!"

అందరూ అందుకున్నారు. టేపు స్పూలు వెనక్కి తిప్పాను.

స్టేజీ మీద ఎన్ని వన్స్‌మోర్లు పడినా, ప్రతిసారీ అదే పద్యానికి కొత్త దారి తీసేవాడివి. ఇవాళ మొదటిసారి, అచ్చం ఇందాకటిలాగే వాయించావు మామా.