తెర కింద అక్షరాలు

ప్రియమైన బావకు,

ఇక్కడ అందరం క్షేమమని రాయడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. ఫోనులో ఒక్క ముక్క మాట్లాడితే పోయేదానికి ఈ కాగితాలేంటని కుట్టు సెంటర్లో అందరూ నవ్వుతున్నారు. నువ్వు పనిచేసే సొరంగం దగ్గర సిగ్నల్ లేదంటావు. మరి సీరియల్ ఎలా చూస్తున్నావు? ఇద్దరికీ ఒకటే అకౌంటు కదా, టీవీ పెట్టగానే నువ్వు ఎంతవరకు చూశావో గీత కనిపిస్తోంది. పొద్దున షిఫ్టు బస్సులో ఒక భాగం, సాయంత్రం బస్సులో ఇంకో భాగం. ఒకళ్లను వదిలి ఒకళ్లం ముందుకెళ్లకూడదని ఒట్టు వేయించుకున్నది నువ్వే. బొమ్మలు మోసే ఫోనుకి నా గొంతు బరువైందా?

పాపకు మాటలొస్తున్నాయి. తెర మీద నీ పేరు పక్కనుండే పిల్లి బొమ్మను చూపించి "నాన్న" అంది. ఒక్కసారి కాల్ చెయ్యి, వింటావు.

అలిగిన నీ మరదలు

నా గయ్యాళి మరదలికి,

నీ ఉత్తరం క్యాంపు వంటాయన తెచ్చిచ్చాడు. సైటు గేటు దగ్గర మాత్రమే నెట్ అందుతుంది. అక్కడ భాగాలు దించుకుని బస్సులో చూస్తాను. నిలబడి మాట్లాడదామంటే లారీల మోత. ముందుకెళ్లింది తప్పే, తిట్టు. బస్సు కుదుపుల్లో సగం అర్థం కాక ఒక్కో భాగం రెండుసార్లు చూడాల్సి వస్తోంది.

కన్న కూతురు నన్ను పిల్లిని చేసిందా? పోన్లే, పులినని ఇక్కడ మాత్రం ఎవరు ఒప్పుకున్నారు?

ఫోను సంగతి వదిలెయ్. రాస్తూ ఉండు. నీ రాత చూస్తే ఎదురుగా నిలబడి తిడుతున్నట్టే ఉంటుంది.

నీ బావ

బావా,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆదివారం నువ్వు గేటు దగ్గరుండే వేళ చూసి నేనే వీడియో కాల్ చేశాను. పాప "నాన్న, నాన్న" అని నోరారా పిలుస్తుంటే నువ్వు వెర్రి నవ్వు నవ్వి "ఆ, తిన్నాను, తిన్నాను" అని పెట్టేశావు. పక్కన ఎవరున్నారని అంత తొందర?

ఇంకోటి. కొన్నాళ్లుగా మన టీవీలో సీరియల్ కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. తీసేస్తే మర్నాటికి మళ్లీ వస్తున్నాయి. టీవీ చెడిందేమోనని రిపేరు షాపతన్ని పిలిచాను. "టీవీ బాగానే ఉందమ్మా. ఇదే అకౌంటు ఉన్న ఇంకో ఫోనులో ఎవరో పెట్టుకుంటున్నారు. భాష రానివాళ్లు పెట్టుకుంటారులే" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మన భాష రానిది ఎవరు బావా? బస్సులో నీ భుజానికి ఆనుకుని మన సీరియల్ చూస్తున్నది ఎవరు? నిప్పు లేనిదే పొగ రాదు. నిజం చెప్పేటట్టయితేనే జవాబు రాయి. లేకపోతే పాపను తీసుకుని అక్క దగ్గరికి వెళ్లిపోతాను.

సంతకం పెట్టడం లేదు.

నా మరదలికి,

నా పక్కన ఎవరూ లేరు. ఆ అక్షరాలు పెట్టుకుంటున్నది నేనే.

వానాకాలంలో రాయి పేల్చినప్పుడు కుడి చెవి పోయింది. ఎడమది కొన్నాళ్లు లాక్కొచ్చింది, ఇప్పుడు అదీ లేదు. ఫోను సౌండ్ ఎంత పెంచినా బస్సులో వాళ్లు విసుక్కున్నారే గాని నాకేమీ అందలేదు. ఆ సీరియల్ కింద మన భాషలో అక్షరాలు రావు. వచ్చిన కాస్త ఇంగ్లీషుతో కూడబలుక్కుంటుంటే అవి పరుగెత్తిపోతాయి, మళ్లీ వెనక్కి తిప్పుతాను. సీరియల్ మీద మోజు కాదు. నువ్వు దాని గురించి అడిగితే తెల్లమొహం వెయ్యకూడదని.

మేస్త్రీకి చెప్పలేదు. చెబితే ఆ పూటే పంపేస్తాడు. పేల్చే ముందు సైరన్ మోగుతుంది. అందరూ పరుగెత్తితే నేనూ పరుగెత్తుతున్నాను. మొన్న నా వెనక వాళ్లంతా ఎప్పుడు వెళ్లిపోయారో తెలియలేదు. ఒకాయన తిరిగొచ్చి చొక్కా పట్టుకుని లాక్కెళ్లాడు.

ఆ రోజు కాల్‌లో మీ పెదాలు కదలడం చూశాను. తిన్నావా అని అడిగారేమో అనుకున్నాను. పాప నన్ను పిలిచిందని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. ఏడుపు ఆగలేదు.

దాని గొంతు ఎలా ఉంటుందో రాయి. నీలా సన్నగానా, నాలా బొంగురుగానా?

నీ చెవిటి బావ

ప్రియమైన బావకు,

అనరాని మాట అన్నాను. చెంపలేసుకుంటున్నాను.

సైరన్ వినపడనివాడివి మళ్లీ ఆ సొరంగంలో అడుగు పెట్టకు. ఇది అందగానే మేస్త్రీకి చెప్పి వచ్చెయ్. నా చేతిలో కుట్టుపని ఉంది, కలో గంజో కలిసే తాగుదాం.

పాప గొంతు గురించి రాద్దామని కూర్చుని ఎన్ని కాగితాలు చించానో. సన్నగా ఉంటుందని రాస్తే లోకంలో పిల్లలందరిదీ సన్నగానే ఉంటుంది. రాయడం నాకు చేతకాలేదు బావా.

వచ్చాక దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని గొంతు మీద వేళ్లు ఆనించు. "నాన్న" అన్నప్పుడు అక్కడ చిన్నగా వణుకుతుంది. చెవుల్లో దూది కుక్కుకుని నేను పెట్టి చూశాను. తెలుస్తుంది.

నీ మరదలు