డిగ్లీపూర్ జెర్రి

జూన్ 9
మా దీవుల ఉత్తర కొసనున్న డిగ్లీపూర్ నుంచి గణపతి బాబాయి పంపిన జెర్రి బస్సులో వచ్చింది. పచ్చడి సీసాలో, స్పిరిట్‌లో. డ్రైవర్ భయ్యా సీసా ఇచ్చి దండం పెట్టాడు, దీదీ, ఇలాంటివి ఇంక నా బస్సులో వద్దని. జానెడుంది! ఎగిరి గంతేశాను. తీరా చూస్తే చివరి జత కాళ్ళు లేవు. పటకారుతో పట్టాడట. ఏ జాతో తేల్చేది ఆ కాళ్ళ మీది ముళ్ళే. అవి లేకపోతే దీన్నేం చేసుకోను, నా మొహం? ఫోన్ చేసి చెడామడా తిట్టాను. బాబాయి నవ్వాడు. వక్కతోటలో బోలెడున్నాయి, ఇంకోటి పడతాలే పిచ్చిదానా అన్నాడు.

జూన్ 10
మా ప్రాజెక్టు సర్ మళ్ళీ క్లాసు పీకాడు. పెద్ద జెర్రులు ఓడల్లో, దుంగల్లో దాక్కుని దేశాలన్నీ తిరిగేశాయట. బర్మా నుంచి ఇండోనేషియా దాకా అదే రకం. డిగ్లీపూర్‌ది మాత్రం వేరేమోనని నా డౌట్. వేరేదైతే ఇంకెక్కడా లేని జాతి. రీసెర్చ్ పేపర్లో నా పేరు. కాకపోతే ఈ నెలాఖరుతో నా ప్రాజెక్టు ఉద్యోగం ఖతం.

జూన్ 13
బాబాయిని జెర్రి కరిచిందట. చెయ్యి వాచింది, ఒళ్ళంతా దద్దుర్లు. ఇక్కడ ఇది మామూలే అన్నాడు. జాగ్రత్త అన్నాను. అన్నది జెర్రి కాళ్ళ గురించి.

జూన్ 19, ఉదయం 6
బాబాయి పోయాడు.

జూన్ 21, డిగ్లీపూర్
వీరలక్ష్మి పిన్ని అంతా చెప్పింది. పటకారు పక్కన పడేసి ఉత్త చేత్తో పట్టాడట. అమ్మాయి కాళ్ళు విరక్కూడదంది అన్నాడట. మళ్ళీ కరిచినా వదల్లేదు. స్పిరిట్‌లో వేసి మూత బిగించాకే కూలబడ్డాడు. గొంతు పూడుకుపోయింది. ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు. ఎలర్జీ, మొదటిసారి కరిచినప్పుడే ఒంట్లో మొదలై ఉంటుందన్నాడట డాక్టరు.
అన్నం తిన్నావా అని అడిగింది పిన్ని. నాలుగు తన్నినా బాగుండేది. వచ్చేటప్పుడు సీసా తెచ్చి నా చేతికిచ్చింది.

జూన్ 24
చూడకూడదనుకున్నాను. చూశాను.
కాళ్ళు, ముళ్ళు, అన్నీ ఉన్నాయి. సర్ మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టి, కాసేపటికి లేచి చేతులు కడుక్కున్నాడు. కొత్తదేం కాదట. అన్ని దేశాల్లో తిరిగేదే. ఇక్కడ మా బ్రూక్షాబాద్ ఇంట్లో, బాత్‌రూంలో చెప్పుతో కొట్టేదే. ఛీ, దీని కోసమా!

జూన్ 30
పిన్ని ఫోన్. కొత్త జెర్రికి మీ బాబాయి పేరు పెడతారా అంది.
పెట్టేశామన్నాను.
ఇంగ్లీషులో ఎలా పలుకుతారంది. పలికాను.