నీ కీబోర్డు తెల్లబడిన రోజు

అన్నా, నువ్వు పోయి ఇయాళ్టికి ఏడాదయింది. శక్తినగర్ కరెంటు ప్లాంటుల డ్యూటీ దిగినంక నువ్వు ముందరేసుకొని కూర్చునే పాత కంప్యూటర్ కీబోర్డు పసుపుపచ్చగయింది. వదిన ఎంత తుడిచినా పోలే. నా బ్యూటీ పార్లర్ల జుట్టు రంగు తీసే పెరాక్సైడ్ క్రీమ్ పూసి, పల్చని ప్లాస్టిక్ చుట్టి, మిద్దె మీద ఎండల పెట్టిన.

"ఖరాబైతే ఎట్ల? ఆయన చెయ్యి తాకింది అదొక్కటే మిగిలింది," అన్నది వదిన.

అప్పటిసంది క్రీమ్ ఎండితే మచ్చలు పడ్తయని మాటిమాటికి పోయి చూసిన. సాయంత్రం కడిగిన. మచ్చ లేదు, తెల్లగయింది. కానీ స్పేస్ బార్ మీద నీ బొటనవేలికి అరిగిన గుంట పోయిందేమోనని, చూడనీకె భయమైంది. వదినే వేలు పెట్టి చూసింది.

"ఉన్నది," అన్నది.