తాండూరులో ఆగిపోయిన చియో రైలు

వికారాబాద్,
ఆదివారం, మధ్యాహ్నం.

నిరోషా, నువ్వు అబద్ధం రాశావు!

"కొండదారి చియో తెలుగులో నలభై భాగాలే వచ్చింది. ఆ పైన అనువాదమైనట్టు ఆధారం లేదు. తాండూరులో ప్రసారం ఆగింది, కారణం తెలియదు." మీ ప్రొఫెసరమ్మకు వచ్చే నెల ఇవ్వబోయే పట్టికలో ఇదేగా రాసింది? నువ్వు చూడనిదల్లా ప్రసారమే కాలేదని తీర్మానించడానికి నువ్వెవరు? ఒక జపాన్ బొమ్మల సీరియల్ ఏ దేశంలో ఎప్పుడు వచ్చిందో చరిత్ర రాస్తానని ఒసాకా దాకా వెళ్ళినదానివి, సొంత ఊరి దగ్గర తప్పులో కాలేస్తావా?

సరే, కోపం అయింది, ఇక కుశలం. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ లెక్కలో అది ప్రభువు దయ, నా లెక్కలో ఆమె చేసే జొన్న రొట్టెల చలవ. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను. అమ్మ మోకాలు నయం, చర్చి మెట్లు నాకంటే ముందే ఎక్కుతోంది. నా బదిలీ ఆగింది. అర్జీ పెట్టి ఆపించాను. అర్జీ పెట్టి ఆపించడంలో మీ నాయినకు పెద్ద పేరే ఉంది, ఎంత పెద్దదో కింద తెలుస్తుంది.

ఇక నీ మూడో ప్రశ్న. "నాయినా, సాయంత్రం కరెంటు పోయి చూడలేకపోయిన భాగం తాండూరులో ఎనిమిదింటికి మళ్ళీ వచ్చేదని గుర్తు. నిజమేనా, నేను కలగన్ననా? ఇక్కడ ఎవ్వరూ నమ్ముతలేరు."

కల కాదు బిడ్డా! నిన్న పొద్దున్నే రైలెక్కి మన పాత ఊరు తాండూరు పోయాను. నాపరాళ్ళ పాలిష్ మిషన్ల మోత దాటుకుని కేబుల్ పాండురంగం దుకాణం పట్టుకున్నాను. ఇప్పుడు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తున్నాడు. నన్ను చూడగానే కుర్చీలోంచి లేచాడు.

"నమస్తే సార్. మల్లేం బంద్ చేయించనీకి వచ్చిన్రు?"

ఆ మాట గుర్తుంచుకో, మళ్ళీ దానికే వస్తాను.

చియో పేరెత్తగానే మనిషి మొహం వెలిగిపోయింది. "సాయంత్రం అయిదింటికి ఒక లైన్ల కరెంటుంటే ఇంకో లైన్ల పోతుండె సార్. సగం ఊరి పిల్లలు చూసి, సగం ఊరి పిల్లలు చూడకపోతె మా ఇంటి ముంగట లొల్లే లొల్లి. గందుకని బ్యాటరీ మీద వీసీఆర్ నడిపి రోజు రికార్డు చేస్తుంటి. ఎనిమిదింటికి మన లోకల్ చానెల్ల మల్ల ఏస్తుంటి."

విన్నావా! ఇటలీలో ఎన్ని గంటలకు వచ్చింది, ఫిలిప్పీన్స్‌లో ఏ వారం వచ్చింది, అన్నీ నీ పట్టికలో ఉన్నాయి. కరెంటు పోయిన వీధి పిల్లల కోసం అదే భాగాన్ని మళ్ళీ వేసిన ఊరు ఇంకెక్కడైనా ఉందా? ఉంటే చూపించమను మీ ప్రొఫెసరమ్మను!

ఆగు, అసలు సంగతి ఇంకా ఉంది. పాండురంగం అటక ఎక్కి కందుల సంచి ఒకటి దించాడు. అందులో క్యాసెట్లు. నలభై ఒకటి నుంచి యాభై రెండు దాకా, పన్నెండుకు పన్నెండు, తెలుగులో! పాత వీసీఆర్ రెండుసార్లు టేపు మింగింది. తెల్ల కాగితానికి స్పిరిట్ అద్ది హెడ్డు తుడిచి, మూడోసారి పెట్టాడు. గీతలు, బూజు, ఆ గీతల మధ్యలోంచి చియో ఈల!

నలభై ఒకటో భాగం. ఎన్నో నెలలుగా కూలి అందని బొగ్గు కూలీలు రైలు ఎదుట కూర్చుంటారు. డ్రైవర్ తాత ఇంజను ఆపి దిగిపోతాడు. ఆ రైల్లో ఊరూరికీ ఉత్తరాలు మోసే చిన్నపిల్ల చియో సంచి కింద పెట్టి, "తాత దిగితే నేనూ దిగుతా" అని వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంటుంది. నేను లేచి చప్పట్లు కొట్టాను. పాండురంగం నవ్వాడు, నవ్వనీ.

ఈ భాగాన్నే కదా యూరప్‌లో ఒక చానెల్ పిల్లలకు పనికిరాదని కోసేసింది? నువ్వు ఆ సంగతి రాస్తే పోయిన ఉత్తరంలో వాళ్ళను మూడు పేజీలు ఉతికాను. "చూడకుండానే భయపడేవాళ్ళే కత్తెర పడతారు" అన్నాను. నీకు అది తెగ నచ్చింది, పుస్తకం ముందుమాటలో వేసుకుంటానన్నావు.

వేసుకోకు.

చప్పట్లయ్యాక పాండురంగం ఆఖరి క్యాసెట్ డబ్బాలోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. "ఇది గూడ దాసిపెట్టిన సార్." 2006 ఆగస్టు. "విదేశీ బొమ్మల విషం నుంచి మన పిల్లలను కాపాడాలి. ఆ చానెల్‌ను కేబుల్ నుంచి తక్షణం తొలగించాలి." కింద ఇరవై మూడు సంతకాలు. మొదటి సంతకం నాది. రాతా నాదే. ఒక్క భాగం కూడా చూడకుండా రాశాను బిడ్డా, ఒక్కటంటే ఒక్కటి.

"నాలుగు దినాలైతె మరుస్తరు, మల్ల పెడదమనుకున్న. గందుకే రికార్డు చేసుడు ఆపలె," అన్నాడు. "మీరు మరిస్తె గద? నెలకోపారి వచ్చి టీవీ తిప్పి చూసి పోతుంటిరి."

అప్పుడు నువ్వు వారం రోజులు అన్నం దగ్గర ఏడ్చావు. ఎనిమిదేళ్ళదానివి. "చానెలోల్లే ఆపేసిన్రు బిడ్డ, మనమేం జేస్తం" అని నీ తల నిమిరింది ఈ చేత్తోనే. అబద్ధం నువ్వు రాయలేదు. నేను చెప్పినదాన్ని నమ్మి పట్టికలో ఎక్కించావు.

రాత్రి ఫోన్ చేయబోతే మీ అమ్మ లాక్కుంది. "ఫోన్ల అయితె నువ్వు ఉపన్యాసం చెప్పి తప్పించుకుంటవు. బంద్ చేయించింది కాయితం మీదనే గద, ఒప్పుకునేది గూడ కాయితం మీదనే పెట్టు," అంది. పద్మారాణి ముందు నా వాదం ఎప్పుడు నిలిచింది గనక?

ఇవీ నా డిమాండ్లు:

1. తెలుగులో మొత్తం యాభై రెండు భాగాలు వచ్చాయని పట్టిక దిద్దాలి. ఆధారంగా నలభై ఒకటో భాగం క్యాసెట్ పంపిస్తున్నాను.

2. తాండూరు దగ్గర "కారణం తెలియదు" కొట్టేసి, "సోషల్ మాస్టారు ఏసుదాసు అర్జీ పెట్టి ఆపించాడు" అని రాయాలి. అర్జీ నకలు జత చేశాను.

3. "స్థానిక కేబుల్ ఆపరేటర్" అంటే ఒప్పుకోను. పాండురంగం అని పేరు పెట్టి రాయాలి.

4. నా కత్తెర మాట ముందుమాటలో వేయకూడదు. వేస్తే ఆ యూరప్ చానెల్ పక్కన నన్నూ నిలబెట్టాలి.

5. జవాబులో నన్ను తిట్టాలి. "పర్లేదు నాయినా" అని రాస్తే ఉత్తరం వాపసు పంపిస్తాను.

6. మిగతా పదకొండు క్యాసెట్లను పాండురంగం కంప్యూటర్‌లోకి ఎక్కిస్తాడు. ఎక్కించేటప్పుడు నీకంటే ముందు చూసేయకుండా నేను దుకాణం బయట నిలబడతాను. సెలవులకు నువ్వు రావాలి, పక్కన కూర్చోబెట్టుకుని నాకు చూపించాలి.

ఇట్లు,
నీ బొమ్మలు ఆపించిన
మీ నాయిన