యెల్లండ్‌లది ఏ ఒడ్డు?

మార్చి 1, మూంటా
ఈ రోజు నుంచి వంశవృక్షం. రోజుకో గంట. రుజువు లేనిదే ఒక్క పేరూ ఎక్కించకూడదు. ఊహలు, ఊళ్ళో కబుర్లు నిషేధం. రంగుల పెన్నులు కొన్నాను. హాల్లో గోడకు పెద్ద కాగితం అంటించాను.

కారణం గ్లెనిస్ వదిన. మా మేనమామ కూతురు, ట్రెంబాత్‌ల ఆడపడుచు. మే నెలలో కార్న్‌వాల్ వాళ్ళ ఉత్సవంలో ఊరేగింపు పెత్తనమంతా ఆవిడదే. రాగి గనుల కోసం ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి ఇక్కడికి, ఆస్ట్రేలియాకు, వచ్చిన కుటుంబాలన్నీ ఆ రోజు తమ పాత ఊరి జెండా వెనక నడుస్తాయి. నాన్న వైపు యెల్లండ్‌లదీ కార్న్‌వాలే, కానీ ఏ ఊరో ఎవరికీ తెలీదు కనక నాన్నకు సొంత జెండా లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అమ్మ వాళ్ళ జెండా వెనకే నడుస్తున్నాడు. నిన్న చర్చి మెట్ల మీద వదిన అందరికీ వినబడేలా అంది: "మెర్విన్ మామయ్య పాపం మాకు ఇల్లరికం అల్లుడే కదా."

నాన్నకు ఎనభై తొమ్మిది. మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఈసారి నడకే చివరిది కావచ్చు. సొంత ఊరి జెండా వెనక నడిపిస్తాను. నడిపించి తీరతాను.

మార్చి 2
అద్భుతం! ఒక్క సాయంత్రంలో ముత్తాత తండ్రి దాకా వెళ్ళాను. విలియం యెల్లండ్, గని కూలీ. భార్య మేరీ, ముగ్గురు పిల్లలతో ప్లిమత్‌లో ఓడెక్కాడు. ఇంత సులువైన పనికి జనం ఏళ్ళ తరబడి ఎందుకు దేకుతారో.

మార్చి 5
ఆ ఈడు విలియం యెల్లండ్‌లు ఇంగ్లండులో ఐదుగురు. కార్న్‌వాల్‌లో పుట్టినవాడు ఒక్కడే. అతణ్ణే ఎక్కించాను. రుజువు? తర్వాత చూసుకోవచ్చు. నియమం తప్పలేదు, కాస్త వంగింది.

మార్చి 9
మేం రాజవంశీకులం! వెబ్‌సైట్‌లో ఎవరో పుణ్యాత్ముడు కట్టిపెట్టిన వృక్షానికి మా విలియమ్‌ను తగిలించాను. కొమ్మలు గోడ దాటి ఫ్రిజ్ మీదికి పాకాయి. చివర్న ఒక నార్మన్ రాజు. మా ఆయన రెక్స్ ఫ్రిజ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహారాణీ, పాలు తీసుకోవచ్చా? పోనీ, చెత్తబుట్ట తమరు బయట పెట్టిస్తారా?"

"కుళ్ళు."

"నదీమూలం, ఋషిమూలం వెతకొద్దన్నారు. యెల్లండ్ మూలం సంగతి ఎవరూ చెప్పలేదు గానీ, అదీ వెతకకపోవడమే మంచిది."

మార్చి 10
ఆ వృక్షంలో ఒక తల్లి తన కొడుకు కన్నా ఆరేళ్ళు చిన్నది. రాజుగారిని ఫ్రిజ్ మీంచి దించాను.

మార్చి 18
పని జరగలేదు. ఎండ.

మార్చి 26
టమాటా సాస్ కాచాను. పూర్వీకులు ఎక్కడికీ పోరు. టమాటాలు కుళ్ళిపోతాయి.

ఏప్రిల్ 8
రెక్స్ ఇవాళ "ఆరంభశూరత్వం" అన్నాడు. రుజువు లేని మాట కనక ఎక్కించను.

ఏప్రిల్ 20
వదిన ఫోన్. మా జెండా కుట్టే ఆవిడకు ఎల్లుండికల్లా ఊరి పేరు చెప్పాలట. రుజువు కోసం కార్న్‌వాల్‌లో మా విలియం బాప్తిస్మం పొందిన చర్చికి ఫోన్ చేశాను. సమాధులు చూసుకునే హోస్కింగ్ గారు వెతికి చెప్పారు.

"మీ విలియం ఇక్కడే ఉన్నాడమ్మా, గేటు పక్కన. తొమ్మిదేళ్ళకే పోయాడు, పాపం."

"పోతే ఆస్ట్రేలియా ఎలా వచ్చాడండీ?"

"రాలేదు కాబట్టే ఇక్కడున్నాడు. మీ వాళ్ళ కోసం తేమర్ నది దాటి వెతకండి."

"నది దాటితే డెవన్ కదా."

"అవునమ్మా. ఏం చేస్తాం, ఎవరి ఖర్మ వాళ్ళది."

ఏప్రిల్ 21
దొరికాడు. విలియం, మేరీ, ముగ్గురు పిల్లల పేర్లు, వయసులు అన్నీ కలిశాయి. ఊరు టావిస్టాక్. డెవన్. నియమం ప్రకారం దొరికిన మొదటి రుజువు ఇదే, నా కొంప ముంచడానికి.

కొండను తవ్వి ఎలుకను పట్టినా బాగుండేది. కార్న్‌వాల్ వాళ్ళు టీతో తినే స్కోన్ రొట్టె మీద ముందు జామ్ రాసి పైన మీగడ వేస్తారు. డెవన్ వాళ్ళు మీగడ ముందు రాస్తారు. మా ఊళ్ళో దొంగనైనా క్షమిస్తారు గానీ మీగడ ముందు రాసినవాణ్ణి క్షమించరు. కాగితం చింపేశాను. కార్న్‌వాల్‌లో ఏదో ఒక ఊరి పేరు జెండా కుట్టే ఆవిడకు చెప్పేస్తాను. నాన్నకు తెలియనివ్వను. వృక్షం సమాప్తం.

ఏప్రిల్ 22
నా నోరు ఆగదు. టీ తాగుతుండగా నాన్నకు చెప్పేశాను. ఆయన కప్పు కూడా దించలేదు.

"తెలుసమ్మడూ."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"పుట్టినప్పట్నుంచి. మీ తాత ట్రెంబాత్ పంతం నీకు తెలీదు. డెవన్ వాడికి పిల్లనిస్తాడా? మాదీ కార్న్‌వాలే అని చెప్పి పెళ్ళి చేసుకున్నా."

"అమ్మకు తెలుసా?"

"వారం తిరక్కుండా పట్టేసింది. ఎవరికీ చెప్పలేదు. బయట నా స్కోన్‌కి జామ్ ముందు రాసేది. ఇంట్లో వంటింటి తలుపేసి మీగడ ముందు రాసి పెట్టేది. బతికున్నన్నాళ్ళూ అంతే."

నాకు ఏడుపొచ్చింది. జెండా మీద ఏదో కార్న్‌వాల్ ఊరు రాయించేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాను.

"వద్దు. వాళ్ళ జెండా వెనక చాలా నడిచాను. ఈ ఒక్కసారి మా వాళ్ళ పేరు మీద నడవనీ."

మే 17
నడిచాడు. నల్ల కోటు వేసుకుని, నా భుజం పట్టుకుని, 'యెల్లండ్, టావిస్టాక్, డెవన్' అన్న జెండా వెనక. వీధి పొడవునా ఈలలు, వెక్కిరింపులు. బేకరీ వాళ్ళు గుమ్మంలో నిలబడి, "తాతా, మీగడ అవతలి ఒడ్డున పడేసి రా!" అని అరిచారు. నాన్న టోపీ తీసి వాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆయన నిటారుగా నడవడం చూసి ఎన్నాళ్ళయిందో.

గ్లెనిస్ వదిన ముందు వరసలోంచి వెనక్కి వచ్చింది. మొహం కందగడ్డ.

"మా తాత ఇది చూస్తే ఏమయ్యేవాడు మామయ్యా? ట్రెంబాత్‌ల రక్తంలో ఇలాంటి మచ్చ ఒక్కటి లేదు."

"లేదమ్మా, లేదు," అన్నాడు నాన్న, చాలా వినయంగా.

ఇంటికొచ్చాక కాళ్ళకు నూనె రాస్తుంటే మెల్లగా అన్నాడు: "నా వైపు చూశావుగా. మీ అమ్మ వైపు మాత్రం తవ్వకు."

"ఏం నాన్నా?"

"నా గుట్టు ఆవిడ దాచింది. ఆవిడ గుట్టు నేను దాచొద్దూ?"

కళ్ళు మూసుకుని నిద్ర నటించాడు. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి.

మే 18
కొత్త కాగితం, ఈసారి బీరువా లోపలి వైపు. ట్రెంబాత్‌లు. నేటి నుంచి రోజుకు రెండు గంటలు. వదిన వస్తే బీరువాకు తాళం.